సరిహద్దు రాయి దగ్గర గడ్డిముడి

మా బ్లాకు కింద నెలకు రెండుసార్లు గడ్డి కోస్తారు. సింగపూర్‌లోని ఈ యూ టీలో ఉదయం ఎనిమిది దాటగానే ఆ మిషన్ రొద మొదలవుతుంది. ముందు పెట్రోలు వాసన వస్తుంది, దాని వెనకే తెగిన పచ్చగడ్డి వాసన పదకొండో అంతస్తుదాకా ఎక్కి వంటింట్లోకి దూరుతుంది. మా అమ్మాయి "స్మెల్స్ సో నైస్ లా" అంటూ కిటికీ ఇంకాస్త తెరుస్తుంది. నేను పోపు మాడుతున్నా పట్టించుకోకుండా నిలబడిపోతాను. నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదులుతుంటాయి, మూడు గడ్డిపరకలు కలిపి ముడి వేస్తున్నట్టు. ఆ ముడి నేర్పినాయన పోయి రెండేళ్ళు దాటింది. ఆయన నేర్పినవాటిలో నాకు వచ్చింది అదొక్కటే. అదీ వేళ్ళకు వచ్చింది గానీ బుద్ధికి రాలేదు.

సింహాద్రి అంకుల్ పేరు మీరు విని ఉండరు. ఆయన ఏ వేదికమీదా శాలువా కప్పించుకున్నవారు కారు. లిఫ్టులు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో స్టోరు చూసుకునేవారు. నేను విజయనగరం నుంచి వచ్చి ఆ కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. ఆయన వంతెన దాటితే వచ్చే మలేసియా జొహోర్‌లో తోట కూలీల ఇళ్ళ వరసలో పుట్టి, పనికోసం సింగపూర్ దిగి, ఇక్కడే పౌరుడై, బిషాన్‌లో ఫ్లాటు కొనుక్కున్నారు. ఆంధ్ర నేల ఎన్నడూ తొక్కలేదు. అయినా మా నాన్నమ్మ మాట్లాడే తెలుగే ఆయన నోట్లో ఉండేది, మధ్యమధ్య మలయ్, అరవం కలుపుకుని. మొదటిరోజు "ఏటి పాపా, మకాన్ అయిందా" అని అడిగితే, ఈ మనిషి అన్నం సంగతి అడుగుతున్నాడని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది.

చేరిన రెండో నెలలో పనివాళ్ళ ఆదివారం డ్యూటీల పట్టిక నాచేత వేయించారు. పేర్లన్నీ వరసగా పెట్టి, ఎవరికీ ఎక్కువతక్కువలు లేకుండా పంచి, ముచ్చటగా ప్రింటు తీశాను. అంకుల్ కళ్ళజోడు పైకెత్తి చూసి, ఈ పేర్లవాళ్ళు ఎక్కడెక్కడ ఉంటారో తెలుసా అని అడిగారు. తెలియదన్నాను. అందరికీ సమానంగానే వేశానుగా అని కూడా అన్నాను, కాస్త పొగరుగానే. ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని దీవికి ఆ చివర ఉన్న వర్కర్ల డార్మిటరీకి తీసుకెళ్ళారు. నిజామాబాద్ కుర్రాడొకడు రెండు గంటల పనికోసం ఎన్ని బస్సులు మారి రావాలో, తిరిగి వెళ్ళేసరికి లిటిల్ ఇండియాలో వాళ్ళ అన్నను కలుసుకునే ఒక్కపూట ఎలా పోతుందో వాడిచేతే నాకు చెప్పించారు. ఆ పని జరగాల్సిన చోటికి కూతవేటు దూరంలో ఉండేవాడికి పట్టికలో నేను సెలవు వేశాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్నారు, "నువ్వు కాయితం మీద సమానంగానే పంచినావు పాపా. ఎవుడు ఎక్కడున్నాడో అడగనేదు గదా." నేను పట్టిక మార్చాను. పాఠం వచ్చేసిందనుకున్నాను కూడా.

జొహోర్‌లో ఆయనకు ఒక తుండు నేల ఉండేది. రబ్బరు పాలు తీసిన చేతులతో వాళ్ళ నాన్న కొన్నది. ముందంతా ముసలి రబ్బరు చెట్లు, కాసిని దురియన్లు, వెనక అడవి. చుట్టుపక్కల తుండ్లన్నీ అలాంటివే, యజమానులు ఒక్కరూ అక్కడ ఉండరు. కొందరు కౌలాలంపూర్‌లో, కొందరు ఇక్కడ. నెలకోసారి అంకుల్, సుశీల ఆంటీ కారులో బయలుదేరేవారు. పిల్లలు లేని దంపతులు. వారాంతాల్లో ఒంటరిగా ఉండే నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకునేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు సరిహద్దు దగ్గర వాహనాల వరసలో మూడు గంటలు నిలబడ్డాం. ఆ తర్వాత ఇంకో రెండు గంటల దారి. నేల మొదట్లో ఒక సరిహద్దు రాయి, దాని పక్కన నడుమెత్తు లాలాంగ్ గడ్డి. మన దర్భకు అక్కచెల్లెలు అని ఆంటీ చెప్పింది. అంకుల్ కారు దిగి ఆ గడ్డి దగ్గరకు వెళ్ళి, వంగి చూసి, తిరిగి వచ్చి కారెక్కేశారు. గడ్డిలో మూడు పరకలు కలిపి ఎవరో ముడి వేసి ఉంచారట. లోపల సిడిన్ ఉన్నాడు, ఎల్లిపోదాం అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అయిదు గంటలు ప్రయాణం చేసి సొంత నేలలో కాలు పెట్టకుండా వెనక్కి పోవడమేమిటి? ఆ మాటే అడిగాను. ఆయన కారు తిప్పుకుంటూ చెప్పారు. వాళ్ళ నాన్న కాలం నుంచీ అది అక్కడి కట్టుబాటు. లోపలికి పోయేవాడు ముడి వేసి పోవాలి, వచ్చేటప్పుడు తన ముడి తాను విప్పాలి. ముడి కనిపిస్తే రెండోవాడు ఆగిపోవాలి. లోపల కుక్కలూ బల్లెమూ పట్టుకుని ఒక మనిషి జంతువు వెనక ఉంటాడు, చప్పుడు చేస్తే అతని తిండి పోతుంది, మన ప్రాణమూ పోవచ్చు. "నేల నాదే పాపా. ఇయ్యాల మాత్రం ఆడిది. ఆడు అక్కడే బతికేవోడు, మనం సూసి పోయేవోళ్ళం." ఆంటీ టిఫిన్ డబ్బా తెరిచి నా చేతిలో ఇడ్లీ పెట్టింది. ఆమెకు అలవాటే కాబోలు.

సిడిన్ ఒరాంగ్ అస్లీ, అంటే ఆ అడవులకు మొదటి మనిషి. నేల వెనక వాగు దాటితే పది పదిహేను ఇళ్ళ చిన్న పల్లె, అందులో ఉండేవాడు. అంకుల్ కంటే రెండుమూడేళ్ళు చిన్న. రూసా అని పిలిచే పెద్ద దుప్పిని, అంకుల్ భాషలో కణుజును, వేటాడడం అక్కడ అందరికీ నిషేధం. ఆ అడవి మనుషులు మాత్రం తమ తిండికోసం కొట్టుకోవచ్చు, అమ్ముకోకూడదు. నేను అతన్ని మొదటిసారి చూసిన రోజున అతను ఒక కణుజు తొడ ఆకుల్లో చుట్టి తెచ్చి అంకుల్ ముందు పెట్టాడు. నేల యజమాని వాటా. అంకుల్ దాన్ని రెండు చేతులా తాకి, తిరిగి అతని వైపు జరిపారు. సిడిన్ నవ్వి, "అబాంగ్" అని ఏదో అన్నాడు. అబాంగ్ అంటే అన్న. ప్రతిసారీ ఇదే తంతు, వాడు ఇవ్వకా మానడు, ఈయన తీసుకోనూ తీసుకోరు అని ఆంటీ నాకు చెప్పింది. వానాకాలమంతా రబ్బరు పాలు తీయడం ఆగిపోయి కూలి లేక, అంకుల్ వాళ్ళింట్లో పొయ్యి వెలగని ఏడాది ఒకటి ఉందట. సిడిన్ తండ్రి వారానికోసారి గుమ్మంలో మాంసం పెట్టి, ఎవరికీ కనిపించకుండా వెళ్ళిపోయేవాడట. తర్వాత అంకుల్ వాళ్ళ నాన్న ఆ నేల కొన్నప్పుడు, ఈ దారి మీకెప్పుడూ మూయం అని సిడిన్ తండ్రికి మాట ఇచ్చాడు. ఆ మాట అంకుల్‌కు నేలతోపాటు వచ్చింది. నాకు గడ్డిముడి నేర్పింది ఆ మధ్యాహ్నమే. "గట్టిగా బిగించకు, ఒచ్చినప్పుడు నువ్వే ఇప్పాల" అన్నారు.

ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పాప పుట్టింది, అంకుల్ రిటైరయ్యారు. అప్పుడు ఆ చుట్టుపక్కల నేలల యజమానులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సెరంగూన్ రోడ్డు పక్క సందులో ఒక హోటల్ మేడమీద మీటింగు. అంకుల్‌కు మోకాలి నొప్పి ఎక్కువై నన్ను తోడు రమ్మన్నారు. సంఘం కార్యదర్శి నెమ్మదైన మనిషి, గొంతు పెంచలేదు. పన్ను కట్టేది మనం, దారి బాగుచేయించేది మనం, మన నేలలో మనం రూసా మీద చెయ్యి వేస్తే జైలు, గజం భూమి లేనివాడు కుక్కల్ని తోలుకొచ్చి కొట్టుకుపోవచ్చు, ఇది ఏ లెక్కన న్యాయం అన్నాడు. మనకు లేని వేట ఇంకెవరికీ ఉండకూడదని, చుట్టూ కంచె వేసి ఒకే గేటు పెడదామని అతని ప్రతిపాదన. అంకుల్ లేచి మలయ్‌లో రెండు మాటలు చెప్పారు. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. ఏం చెప్పారని రైల్లో అడిగితే, "మనం నెలకోసారి ఒస్తాం, ఆడు రోజూ ఉంటాడు, మరి బయటోడు ఎవుడని అడిగినాను" అన్నారు. నిజం ఒప్పుకోవాలి కదా, నాకు ఆ రోజు కార్యదర్శి మాటే సబబుగా తోచింది. పన్ను కట్టేవాడికి లేనిది కట్టనివాడికి ఎందుకుండాలి? అందరికీ సమానంగా లేకపోవడమే కదా. పట్టిక వేసిన గుమాస్తా నాలో ఎక్కడికీ పోలేదు.

కొన్నాళ్ళకు కంచె పని మొదలైంది, యజమానులందరికీ ఒక ఫారం వచ్చింది. అంకుల్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని బిషాన్ ఫ్లాటులో మంచంమీద ఉన్నారు. ఇంగ్లీషు ఫారాలు ఆయనకు కొరుకుడు పడవు. ఆఫీసు కాగితాలన్నీ ఏళ్ళతరబడి నేనే నింపిపెట్టేదాన్ని, ఇదీ నాచేతికే వచ్చింది. అందులో ఒక గడి: యజమాని కానివారు ఎవరైనా మీ నేలను వాడుకుంటున్నారా, ఉంటే పేర్లు రాయండి. చదివి వినిపించాను. "సిడిన్ పేరు రాసేయ్. ఉన్నదున్నట్టు రాసేయ్" అన్నారు, కళ్ళు మూసుకునే.

నేను రాయలేదు. ఆ గడిలో "ఎవరూ లేరు" అని రాశాను. ఎందుకు రాశానో ఈ మూడు నాలుగేళ్ళలో నాకు నేను వెయ్యిసార్లు చెప్పుకున్నాను. ఆ మనిషి దగ్గర ఏ కాగితమూ లేదు. పేరు రాసిస్తే, ఇదిగో వీడే వేటకొచ్చేవాడని పట్టుకోవడానికి మనమే ఆనవాలు ఇచ్చినట్టవుతుందని భయపడ్డాను. పేరు లేకపోతే పట్టుకునేదెవరిని? ఎప్పటిలా కంచె సందులోంచి వస్తాడు, పోతాడు, ఎవరూ చూడరు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. అంకుల్‌కు చెబితే వాదిస్తారని చెప్పలేదు. ఆయన దిండుకు ఆనుకుని నేను వేలు పెట్టి చూపించినచోట సంతకం చేశారు. నేను నింపిన కాగితం ఆయన ఎన్నడూ చదివి సంతకం పెట్టలేదు.

కంచె పూర్తయిన రెండు నెలలకు సిడిన్‌ను లోపల పట్టుకున్నారు. దొంగతనంగా కూడా రాలేదు. సరిహద్దు రాయి కంచె బయటికి మిగిలింది. దాని పక్కన గడ్డి ముడి వేసి మరీ, తీగల కిందనుంచి దూరి వెళ్ళాడు. సంఘం పెట్టిన కాపలావాళ్ళు అడిగితే నేల యజమాని నాకు అన్న, ఆయనకు తెలుసు అన్నాడట. వాళ్ళు ఫారం తెచ్చి అతని ముందు పెట్టారు. ఎవరూ లేరు. కింద సంతకం. సిడిన్‌కు చదువు రాకపోయినా, ఒకరు చదివి చెప్పారు. ఆ తర్వాత అతను నోరు విప్పలేదని, రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి మళ్ళీ రానని వేలిముద్ర వేయించుకుని వదిలారని కార్యదర్శి ఫోనులో మర్యాదగానే చెప్పాడు. ఇంకొక్క మాట కూడా చెప్పాడు. పక్క నేలలవాళ్ళు ఇద్దరు ఆ గడిలో పేర్లు రాశారట. ఆ పేర్లవాళ్ళకు గేటు దగ్గర పాసులు ఇచ్చారట. మీరూ రాసి ఉంటే ఇచ్చేవాళ్ళమే కదా అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది. అంకుల్ నా వైపు చూశారు. కోపంగా కాదు. తప్పు విన్నానేమో, ఇంకోసారి చెబితే బాగుండు అన్నట్టు చూశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత చాలా చేశాను. ఫారం దిద్దమని ఉత్తరం రాశాను. జాబితా మూసేశాం, కొత్త పేరు చేర్చాలంటే యజమానులందరూ ఓటు వేయాలన్నారు. అదే హోటల్ మేడమీద ఓటు పెట్టారు. సిడిన్ పేరుకు లేచిన చెయ్యి అంకుల్‌ది ఒక్కటే. పాసులు తెచ్చుకున్న ఇద్దరు కూడా లేపలేదు. పట్టుబడ్డవాడికి ఇస్తే రేపు పల్లె అంతా వస్తుందన్నారు. నాకు చెయ్యి లేపే హక్కు లేదు, నేను యజమానిని కాను.

తర్వాతి వారం అంకుల్ పల్లెకు తీసుకెళ్ళమన్నారు. నేల వెనక కంచె వచ్చి పల్లెకు దారి మూసుకుపోయింది కాబట్టి వాగు చుట్టూ తిరిగి మట్టిరోడ్డున వెళ్ళాలి. కర్రపట్టుకుని, ఆంటీ ఒకపక్క నేనొకపక్క పట్టుకుంటే దిగారు. సిడిన్ మెట్లమీద కూర్చుని ఉన్నాడు. లేచి చాప పరిచాడు, వాళ్ళావిడ చేత కాఫీ ఇప్పించాడు. కాలు ఎలా ఉందని అడిగాడు. అంకుల్ ఏదో చెప్పబోయినప్పుడల్లా తల ఊపుతూ, "సరే తువాన్, సరే తువాన్" అన్నాడు. తువాన్ అంటే దొర. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అబాంగ్ అన్న నోరు అది. అంకుల్ కప్పు కింద పెట్టేశారు. ఆ కాగితం తాను నింపలేదని ఆయన చెప్పలేదు. ఎంతకీ చెప్పలేదు. నేను పక్కనే కూర్చున్నాను. రాసింది నేను అని చెప్పడానికి మూడు మలయ్ మాటలు చాలు, ఆ మూడూ నాకు వచ్చు. కాఫీ తాగాను. అంతే చేశాను.

కారు కదలగానే క్షమించమని అడిగాను. "రాసింది నువ్వే గానీ సంతకం నాది. సదవకుండా ఎట్టినాను" అన్నారు. మళ్ళీ ఆ విషయం ఎత్తలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఆయన జొహోర్ వెళ్ళడం మానేశారు, దురియన్లు ఎవరు కోసుకున్నారో అడగలేదు, అన్నం సగంలో వదిలేసేవారు. డాక్టర్లు గుండె అన్నారు. ఏడాది తిరక్కుండానే పోయారు. కర్మ చేయడానికి మలేసియాలోని ఈపో నుంచి ఆంటీ తమ్ముడి కొడుకు వచ్చాడు. పంతులుగారు దర్భతో చేసిన పవిత్రం అతని వేలికి తొడిగి మంత్రాలు చెప్పించి, చివర్న "ఇంక ముడి విప్పి వదిలేయండి" అన్నారు. నాకు అక్కడ ఏడుపు ఆగలేదు. తండ్రి పోయినట్టు ఏడుస్తోంది పాపం అని ఎవరో ఆంటీతో అంటుంటే విన్నాను. ఆ జాలి కూడా దొంగ సొమ్ములా అనిపించింది నాకు.

నేలను ఆంటీ ఆ సంఘంవాళ్ళకే అమ్మేసింది. కంచె లోపలి నేల కొనేవాళ్ళు ఇంకెవరుంటారు? అమ్మే ముందు నన్ను అడిగింది. వద్దనడానికి నేనెవరిని?

మొన్న స్కూలు సెలవుల్లో పాపను వాళ్ళ నాన్న దగ్గర వదిలి ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా మనిషి, యజమానివా అని అడిగాడు. కాదన్నాను. జాబితాలో పేరుందా అన్నాడు. లేదన్నాను. అయితే కుదరదన్నాడు, పాపం మంచినీళ్ళ సీసా ఇచ్చి. సరిహద్దు రాయి పక్కన మందు కొట్టినట్టున్నారు, లాలాంగ్ మాడి నేలకు అంటుకుపోయి ఉంది. ముడి వేద్దామన్నా మూడు పరకలు లేవు. అక్కణ్నుంచి వాగు చుట్టూ నడుచుకుంటూ పల్లెకు వెళ్ళాను.

సిడిన్ అదే మెట్లమీద ఉన్నాడు. ముసలితనం ఒక్కసారిగా మీద పడింది. ఇంటి కింద కుక్కలు లేవు. మేపలేక ఇచ్చేశానన్నాడు. అన్న పోయిన సంగతి అతనికి తెలియదు. చెప్పాను. తర్వాత ఆ మూడు మాటలూ చెప్పాను. ఆయన నీ పేరు రాయమన్నారని, నేనే రాయలేదని, ఆయన చదవకుండా సంతకం పెట్టారని వచ్చీరాని మలయ్‌లో అంతా చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. వాళ్ళావిడ కాఫీ తెచ్చి పెట్టింది.

"ఆ రోజు నువ్వు ఇక్కడే కూర్చున్నావు కదా" అన్నాడు సిడిన్. అవునన్నాను. "అప్పుడే చెప్పి ఉంటే అబాంగ్ అని పిలిచి పంపేవాణ్ణి."

కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఏ ఫారంలోనైనా ఇంకెవరైనా ఉన్నారా అన్న గడి వస్తే నా చెయ్యి ఆగిపోతుంది, ఉన్నవాళ్ళందరి పేర్లూ పూర్తిగా రాస్తాను. దానివల్ల ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేమీ లేదు. కింద మిషన్ ఆగింది. మా అమ్మాయి వచ్చి స్టవ్ కట్టేసి, మాడిన పోపు చూసి, నా చేతుల వైపు చూసి, ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. పోయేటప్పుడు వేసిన ముడి తిరిగొచ్చి తనే విప్పాలని కూడా అంకుల్ చెప్పారు. ఆ ఫారం గడిలో నేను వేసిన ముడి విప్పడానికి ఆ నేలలోకి నాకు దారి లేదు.